37వ నెల

యుద్ధంలో దెబ్బతిన్న సైనికుడి చదువుకు అమెరికా ప్రభుత్వం డబ్బు కడుతుంది. అయితే నెలలు లెక్కపెట్టి కడుతుంది. డిగ్రీ చేతికి రాకముందే ఆ నెలలు అయిపోతే?

ఇరాక్‌లోనో అఫ్గానిస్థాన్‌లోనో రోడ్డు పక్క బాంబు పేలి, నడుం దెబ్బతిని, చెవుల్లో ఆగని హోరుతో ఇంటికొచ్చిన కుర్రాడు ముప్పై ఏళ్ల వయసులో మళ్లీ కాలేజీ గడప తొక్కాడనుకోండి. అమెరికాలో ఇది వింత సంగతేమీ కాదు. ప్రభుత్వ యూనివర్సిటీలో స్థానిక విద్యార్థులకుండే ఫీజంతా సర్కారే కడుతుంది. ప్రైవేటు కాలేజీ అయితే ఏడాదికి దాదాపు 30 వేల డాలర్ల దాకా ఇస్తుంది. ఇంటద్దెకు నెలనెలా ఖాతాలో డబ్బు పడుతుంది. పుస్తకాలకు ఏడాదికి 1000 డాలర్ల వరకు అదనం. 2009 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న ఈ పథకం పేరు ‘పోస్ట్ 9/11 జీఐ బిల్’. దాని గడువు 36 నెలలు.

37వ నెలలో ఫీజు కట్టమని కాలేజీ నుంచి మెయిల్ వస్తుంది. దానికి ఎలాగో సర్దుకోవచ్చు, వాయిదాలు అడగొచ్చు. అద్దె భృతి కూడా దాంతోపాటే ఆగిపోతుందన్న సంగతి చాలామందికి అప్పుడుగానీ తట్టదు. చాలా నగరాల్లో ఆ భృతి నెలకు 2 వేల డాలర్లు దాటుతుంది. ఇంటి ఓనరు వాయిదాలకు ఒప్పుకోడు. వైకల్య పరిహారం నెలనెలా వస్తుంది కదా అంటారేమో. వస్తుంది, పన్ను కూడా లేదు. కానీ అది వైకల్య శాతాన్ని బట్టి ఉంటుంది. 30 శాతం ఉన్న ఒంటరి మనిషికి నెలకు 500 డాలర్ల పైచిలుకు. అమెరికా నగరంలో ఆ డబ్బుతో ఇల్లు గడవదు.

మరి దారి లేదా? ఐదారు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే మేలైన దాన్ని మాత్రం కాలేజీలో చేరకముందే పట్టుకోవాలి. ఆ మాట చెప్పేవాడు ఆ సమయానికి ఎదురుపడకపోవడమే ఈ కథలో అసలు అన్యాయం.

హోటల్ కాగితాల మీద రాసిన చట్టం

మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడినవాళ్లకు అమెరికా బోనస్ ప్రకటించి, ఆ డబ్బు కోసం 1945 దాకా ఆగమంది. మధ్యలో మహామాంద్యం వచ్చిపడింది. 1932లో వేలాదిమంది మాజీ సైనికులు పెళ్లాం పిల్లలతో వాషింగ్టన్ చేరి, గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. సైన్యాన్ని పంపి వాళ్లను వెళ్లగొట్టారు. ఒకప్పటి సిపాయిల మీదకి ఇప్పటి సిపాయిలను తోలిన ఆ మచ్చ రాజకీయ నాయకులను చాలాకాలం వెంటాడింది. రెండో యుద్ధం ముగిసి కోటిన్నర మంది తిరిగొస్తే ఏం చేయాలన్న బెంగ యుద్ధం మధ్యలోనే మొదలైంది.

అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘానికి లోగడ జాతీయ అధ్యక్షుడిగా చేసిన లాయరు హ్యారీ కోల్మెరీ, వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్ గదిలో కూర్చుని ఆ హోటల్ కాగితాల మీదే తొలి జీఐ బిల్ ముసాయిదాను చేత్తో రాశాడు. ఉభయసభల సంయుక్త సంఘంలో బిల్లు ఒక్క ఓటు దగ్గర చిక్కుకుపోయింది. ఆ ఓటున్న సభ్యుడు జాన్ గిబ్సన్ ఒంట్లో బాగాలేక జార్జియాలో ఇంటి దగ్గరున్నాడు. రాత్రికి రాత్రి ఆయన్ని వెతికి పట్టుకుని, కారులో జాక్సన్‌విల్ చేర్చి, అక్కణ్నుంచి విమానంలో రాజధానికి తెచ్చారు. పొద్దున్నే ఆయన వేసిన ఓటుతో బిల్లు గట్టెక్కింది. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టారు. 1956 నాటికి 78 లక్షల మంది దాని కింద చదువుకోవడమో, పని నేర్చుకోవడమో చేశారు. వారిలో 22 లక్షల మంది కాలేజీల్లో చేరారు. అప్పట్లో ఫీజు కింద ఏడాదికి ఇచ్చిన 500 డాలర్లతో హార్వర్డ్‌లో కూడా చదవగలిగేవారు.

నెలల లెక్క కూడా అప్పుడు పుట్టిందే. ఎన్నాళ్లు కొలువు చేశారన్నదాన్ని బట్టి చదువు, ఎక్కువలో ఎక్కువ 48 నెలలు. అయితే గాయపడి వచ్చినవాళ్ల కోసం వేరే చట్టం అంతకు ఏడాది ముందే, 1943లో వచ్చింది. 1918లోనే అలాంటిదొకటి ఉంది. అంటే ఆది నుంచీ ఏర్పాట్లు రెండు. కొలువు చేసిన అందరికీ ఒకటి, కొలువులో దెబ్బతిన్నవాళ్లకు ఇంకొకటి. ఇవాళ్టి తికమకంతా ఈ రెండింటినీ ఒకటిగా చూడటంలో ఉంది.

12 క్రెడిట్ల మెలిక

36 నెలలంటే తొమ్మిది నెలల విద్యాసంవత్సరాలు నాలుగు. నాలుగేళ్ల డిగ్రీకి సరిగ్గా సరిపోతుంది కదా అనిపిస్తుంది. కాగితం మీద నిజమే.

ఇప్పుడు లెక్క వేద్దాం. సాధారణ డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. ఇంజినీరింగ్‌కు ఇంకాస్త ఎక్కువ. ఎనిమిది సెమిస్టర్లలో ముగించాలంటే సెమిస్టరుకు 15 చొప్పున తీసుకోవాలి. కానీ ‘ఫుల్ టైమ్’ విద్యార్థిగా లెక్కలోకి రావడానికి 12 చాలు. 12 తీసుకున్నా, 15 తీసుకున్నా ఖాతాలోంచి కరిగేది అన్నే నెలలు. తలకు దెబ్బ తగిలిన మనిషి, రాత్రిళ్లు నిద్రపట్టని మనిషి, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లాల్సిన మనిషి 15 తీసుకోగలడా? 12తోనే ఒగరుస్తాడు. అలా ఎనిమిది సెమిస్టర్లు చదివితే చేతికొచ్చేది 96 క్రెడిట్లు. ఇంకా 24 మిగిలాయి, అంటే మరో ఏడాది. క్యాలెండరు కలిసొచ్చి తొమ్మిదో సెమిస్టరు దొరికినా పదోది జేబులోంచే.

దీనికి తోడు పదేళ్ల కిందట వదిలేసిన లెక్కలను మళ్లీ మొదట్నుంచి నేర్చుకునే కోర్సులు. వాటికి నెలలు ఖర్చవుతాయి, డిగ్రీ వైపు క్రెడిట్లు రావు. ఊరు మారి కాలేజీ మారితే పాత క్రెడిట్లలో కొన్ని చెల్లవు. నర్సింగ్‌లో చేరాక నడుం నొప్పితో గంటల తరబడి నిలబడలేనని తేలి అకౌంటింగ్‌కు మారినవాళ్లుంటారు. వాళ్లను నిలకడలేనివాళ్లు అనలేం. వాళ్ల ఒళ్లు వాళ్ల చేతిలో లేదు, అంతే.

వైకల్యం ఉన్న మనిషి చదువు ఆలస్యంగా సాగుతుందని చెప్పడానికి పరిశోధనలు అక్కర్లేదు. అయినా జీఐ బిల్ మాత్రం చురుగ్గా ఉన్నవాడికీ, కర్ర పట్టుకుని నడిచేవాడికీ ఒకే గడియారం పెట్టింది.

ముందు ఏ ఖాతా తెరవాలి?

గాయపడినవాళ్ల కోసం ఉన్న రెండో ఏర్పాటును అందరూ ‘చాప్టర్ 31’ అంటారు. సైనిక సేవ వల్ల వచ్చిన వైకల్యం కనీసం 10 శాతం ఉందని మాజీ సైనికుల శాఖ, అంటే వీఏ, తేల్చితే దీనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాలేజీ ఫీజు, పుస్తకాలు, పరికరాలు అన్నీ ఇస్తారు. ప్రైవేటు కాలేజీకైనా జీఐ బిల్‌లోలా ఏడాది పరిమితి లేదు. 48 నెలల దాకా సాగుతుంది. ఉద్యోగం చేయడానికి వైకల్యం బాగా అడ్డొస్తోందని తేలితే అంతకు మించి కూడా పొడిగిస్తారు. వైద్య కారణాల వల్ల తక్కువ కోర్సులు మాత్రమే చదవగలడని నిర్ధారణ అయితే, తక్కువ చదివినా పూర్తి భృతి ఇచ్చే నిబంధన కూడా ఇందులో ఉంది. పైన చెప్పిన 12 క్రెడిట్ల మెలికకు సరైన మందు ఇదే.

అసలు సంగతి ఇక్కడ వినండి. జీఐ బిల్ 36 నెలలూ వాడేసి చాప్టర్ 31 తలుపు తట్టినవాడికి మామూలుగా మిగిలేది 12 నెలలే. రెండూ కలిపి 48 మించకూడదన్న నిబంధన అడ్డొస్తుంది. అదే వరస తిరగేస్తే? ముందు చాప్టర్ 31 వాడుకుని ఆ తర్వాత జీఐ బిల్‌కు వస్తే, 2021 ఏప్రిల్ నుంచి వీఏ మొదటిదాన్ని రెండోదాంట్లోంచి కోయడం మానేసింది. అంటే 48 నెలలు పూర్తిగా వాడుకున్నాక కూడా 36 నెలలు భద్రంగా ఉంటాయి. మనిషి అదే, గాయం అదే, చట్టమూ అదే. వరస మారితే 48 కాస్తా 84 అవుతుంది.

ఇంకో చిన్న నిబంధన ఉంది. చిన్నదే కానీ దాని మీద ఇంటద్దె ఆధారపడి ఉంది. చాప్టర్ 31లో మామూలుగా ఇచ్చే భృతి, ఒంటరి మనిషికైతే, నెలకు సుమారు 800 డాలర్లు. జీఐ బిల్ అద్దె భృతి అంతకు రెండు మూడింతలు. చాప్టర్ 31లో ఉన్నవాళ్లు కావాలంటే ఆ ఎక్కువ భృతిని ఎంచుకోవచ్చు, జీఐ బిల్ గడువు ఇంకా మిగిలి ఉంటే. ఒక్క రోజు మిగిలి ఉన్నా చాలు. ఆ ఒక్క రోజు ఖర్చు కూడా అవదు, ఊరికే ఖాతాలో ఉంటే సరిపోతుంది. పొరపాటున ఆ ఆఖరి రోజు కూడా వాడేసినవాడికి 800తోనే సరి. ఇది తెలిసినవాళ్లు గడువు అయిపోయే ముందే ఆగి చాప్టర్ 31కు మారతారు. తెలియనివాళ్లు ‘ఉన్నదంతా వాడేద్దాం’ అనుకుంటారు. మన ఇళ్లల్లో అయినా అలాగే అనుకుంటాం కదా.

తప్పు వరసలో వాడేసినవాళ్లకూ ఒక అవకాశం ఉంది. జీఐ బిల్ వాడుకున్న రోజుల్లోనే చాప్టర్ 31కు అర్హత ఉండి, ఆ చదువు ఇప్పటి ఉద్యోగ లక్ష్యానికి పనికొచ్చేదే అయితే, పాత తేదీతో చాప్టర్ 31లో చేర్చమని అడగొచ్చు. ఒప్పుకుంటే ఖర్చయిన జీఐ బిల్ నెలలు తిరిగి ఖాతాలోకి వస్తాయి. అడగందే ఎవరూ ఇవ్వరు.

చాప్టర్ 31లో అంతా పూలబాటేమీ కాదు. జీఐ బిల్‌లో ఏం చదవాలో మీ ఇష్టం. ఇక్కడ కౌన్సెలర్ ఒప్పుకోవాలి. ‘నీకున్న డిగ్రీతో ఉద్యోగం దొరుకుతుందిగా, ఇంకో డిగ్రీ ఎందుకు?’ అని అడిగే అధికారం ఆ కుర్చీకి ఉంది. 2013కి ముందు సైన్యం వదిలినవాళ్లకు 12 ఏళ్ల గడువు కూడా ఉంది. ఇన్ని చిక్కులున్నా, గాయపడ్డ మనిషికి ముందు చూపించాల్సిన గది ఇదేనని నా అభిప్రాయం. సైన్యం వదిలే రోజుల్లో బ్రోషర్లలో మెరిసేది మాత్రం జీఐ బిల్లే.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన నెలలు

నెలల లెక్క ఎంత చిక్కుముడిగా ఉందో చెప్పడానికి జేమ్స్ రుడిసిల్ కేసు చాలు. ఆయన మూడు విడతలుగా సైన్యంలో పనిచేశాడు. మొదటి విడత తర్వాత పాత పథకం కింద, అంటే మాంట్‌గోమరీ జీఐ బిల్ కింద, డిగ్రీ చదివాడు. ఆ పథకంలో సైనికులు తమ జీతంలోంచి నెలకు 100 చొప్పున 1200 డాలర్లు ముందే కట్టాలి. అందులో ఆయన 25 నెలల 14 రోజులు వాడుకున్నాడు. మళ్లీ సైన్యంలో చేరి అధికారి అయ్యాడు. తర్వాత సైన్యంలోనే మతగురువు కావాలని యేల్ డివినిటీ స్కూల్లో సీటు సంపాదించుకున్నాడు. కొత్త పథకం కింద 22 నెలల పైచిలుకు రావాలని ఆయన లెక్క. 10 నెలల 16 రోజులే వస్తాయని వీఏ అంది.

కింది కోర్టుల్లో ముందు గెలిచి, తర్వాత ఓడి, చివరికి సుప్రీంకోర్టుకు చేరాడు. 2024 ఏప్రిల్ 16న ఏడుగురు న్యాయమూర్తులు ఆయన వైపు, ఇద్దరు ఎదురుగా నిలిచారు. రెండు విడతల సేవకు రెండు పథకాల అర్హత విడివిడిగా వచ్చినప్పుడు, 48 నెలల గరిష్ఠ పరిమితి దాటనంతవరకు రెండూ వాడుకోవచ్చని తీర్పు రాసింది జస్టిస్ కెటాంజీ బ్రౌన్ జాక్సన్. ఒకటి కంటే ఎక్కువ విడతలు పనిచేసినవాళ్లు తమ పాత లెక్కలు ఒకసారి తీసి చూసుకోవాల్సింది అందుకే. ‘నీ నెలలు అయిపోయాయి’ అని ఒకప్పుడు వచ్చిన ఉత్తరం ఇప్పుడు తప్పు కావచ్చు.

నెలలు తిన్న కాలేజీలు

కొందరి నెలలు చదువుకే ఖర్చు కాలేదు. లాభం కోసం నడిచే కాలేజీలు తమ ఆదాయంలో 90 శాతానికి మించి కేంద్ర విద్యార్థి సాయం నుంచి తీసుకోకూడదని అమెరికాలో నియమం. మిగతా 10 శాతం బయటి నుంచి రావాలి. విచిత్రమేమిటంటే జీఐ బిల్ సొమ్మును చాలాకాలం ‘బయటి డబ్బు’ కింద లెక్కేశారు. సైనికుడి చదువు డబ్బు ఒక డాలర్ వస్తే, దాని పక్కన ఇంకో తొమ్మిది డాలర్ల కేంద్ర సాయం తీసుకోవచ్చన్నమాట. దాంతో ఆ కాలేజీల ఏజెంట్లు సైనిక స్థావరాల చుట్టూ తిరిగారు. వినియోగదారుల రక్షణ సంస్థలో సైనిక కుటుంబాల వ్యవహారాలు చూసిన హోలీ పెట్రేయస్ 2011లోనే దీన్ని పత్రికకెక్కించారు. ఆ కంతను పూడ్చే చట్టం 2021లోగానీ రాలేదు.

ఈలోగా 2015లో కొరింథియన్, 2016 సెప్టెంబరులో ఐటీటీ టెక్ అనే అలాంటి కాలేజీలు మూతబడ్డాయి. అక్కడ చదివినవాళ్లకు డిగ్రీ లేదు, నెలలూ లేవు. 2017లో వచ్చిన చట్టం అలా పోయిన నెలలను తిరిగిచ్చే వీలు కల్పించింది. ఆ చట్టానికి పెట్టిన పేరు హ్యారీ కోల్మెరీదే. 2013 జనవరి 1 తర్వాత సైన్యం వదిలినవాళ్లకు జీఐ బిల్ వాడుకోవడానికి ఉన్న 15 ఏళ్ల గడువును తీసేసింది కూడా అదే.

నిజంగానే అయిపోతే

అన్ని లెక్కలూ చూశాక కూడా నెలలు నిజంగానే అయిపోయాయనుకుందాం. సెమిస్టరు మధ్యలో అయిపోతే కంగారు అక్కర్లేదు. సెమిస్టరు పద్ధతిలో నడిచే కాలేజీలో ఆ సెమిస్టరు చివరిదాకా వీఏ కడుతుంది. ఖాతాలో కొద్దిరోజులే మిగిలినప్పుడు కొత్త సెమిస్టరు మొదలైతే, ఆ కొద్దిరోజులతో సెమిస్టరంతా గడిచిపోతుంది.

సైన్సు, ఇంజినీరింగ్, టెక్నాలజీ వైపు ఉన్నవాళ్లకు ఎడిత్ నోర్స్ రోజర్స్ స్కాలర్‌షిప్ ఉంది. 1944 చట్టానికి చేయూతనిచ్చిన మసాచుసెట్స్ ప్రతినిధి ఆమె. జీఐ బిల్ అయిపోయినవాళ్లకూ, ఆరు నెలల్లో అయిపోబోతున్నవాళ్లకూ ఇది తొమ్మిది నెలలు లేదా 30 వేల డాలర్ల దాకా ఇస్తుంది. కనీసం 60 క్రెడిట్లు పూర్తయి ఉండాలి.

తర్వాత రాష్ట్రాలు. టెక్సస్‌లో హేజల్‌వుడ్ చట్టం ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ గంటల వరకు ట్యూషన్ ఫీజు మాఫీ చేస్తుంది. టెక్సస్ నుంచే సైన్యంలో చేరి, అక్కడే ఉంటున్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. తాను వాడుకోని గంటలను బిడ్డకు రాసివ్వచ్చు. ఇలినాయ్‌లో నాలుగేళ్ల చదువుకు సమానమైన మాఫీ ఉంది. ఇవి ఫీజుకే. అద్దె, తిండి మీవే.

ఫెడరల్ సాయం కోసం ఏటా నింపే ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ ఫారాన్ని జీఐ బిల్ ఉన్న రోజుల్లో చాలామంది పట్టించుకోరు. నింపితే నష్టమేం లేదు. మాజీ సైనికులను తల్లిదండ్రుల ఆదాయంతో సంబంధం లేకుండా చూస్తారు. తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంట్ 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. దాన్ని జీఐ బిల్‌తోపాటే తీసుకుని దాచుకున్నవాళ్లు 37వ నెలలో కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

ఆఖరున అప్పు. అందులో వైకల్యం ఉన్నవాళ్లకు ఒక పీటముడి ఉంది. 100 శాతం వైకల్యం ఉన్నా, వైకల్యం వల్ల ఉద్యోగం చేయలేరని వీఏ తేల్చినా, పాత ఫెడరల్ విద్యారుణాలు రద్దవుతాయి. మంచిదే. ఆ తర్వాత మళ్లీ చదువుకోవాలని కొత్త రుణం అడిగితే, సంపాదించే పని చేయగలనని డాక్టరుతో రాయించుకురావాలి. ఇప్పుడున్న జబ్బును చూపి ఈ కొత్త రుణం రద్దు చేయమని అడగనని సంతకమూ పెట్టాలి. ఒక శాఖ ఫైలులో ‘పనిచేయలేడు’ అనీ, ఇంకో శాఖ ఫైలులో ‘చేయగలడు’ అనీ ఒకే మనిషి పేరు మీద ఉంటుంది. ఆ రెండో కాగితం తన పరిహారానికి ఎసరు తెస్తుందేమోనని భయపడి చదువే మానుకునేవాణ్ని తప్పుపట్టగలమా? పీజీ చదవాలనుకునేవాళ్లకు ఇంకో దెబ్బ. 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణాలు లేవు, మామూలు పీజీకి ఏడాదికి 20,500 డాలర్లే పరిమితి.

మనవాళ్లకు ఈ గొడవ ఎందుకంటే

2009లో మొదలై 2016లో ఆగిపోయిన ‘మావ్నీ’ పథకం కింద, అవసరమైన భాషలు, వైద్య నైపుణ్యాలు ఉన్న 10 వేల మందికి పైగా విదేశీయులు అమెరికా సైన్యంలో చేరారు. స్టూడెంట్ వీసా మీద వెళ్లిన భారతీయులు కూడా వారిలో ఉన్నారు. యూనిఫాం తొడిగి పౌరసత్వం తెచ్చుకున్నారు. డల్లస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు సైన్యం ఒక దారి. మోకాలో, వినికిడో దెబ్బతిని సర్వీసు ముగించినవాళ్లకు పైన చెప్పిన ప్రతి నిబంధనా వర్తిస్తుంది. మన ఇళ్లల్లో ఒంటి నొప్పి గురించి కాగితం రాయించుకోవడం నామోషీ అనుకుంటారు. ఆ 10 శాతం కాగితం లేకపోతే చాప్టర్ 31 తలుపు తెరుచుకోదు.

మీ ఇంట్లోగానీ, తెలిసినవాళ్లలోగానీ అలాంటి కుర్రాడో, అమ్మాయో ఉంటే ఇవాళే ఫోన్ చేసి ఈ మూడు మాటలు చెప్పండి. కాలేజీలో చేరకముందే వైకల్య శాతం తేల్చుకోవాలి. దరఖాస్తు ముందు చాప్టర్ 31కు, తర్వాతే జీఐ బిల్‌కు పెట్టాలి. ఇప్పటికే జీఐ బిల్ వాడుతుంటే ఆఖరి రోజు మిగలకుండా వాడేయొద్దు. దరఖాస్తుకు రుసుం లేదు. వీఏ గుర్తింపు ఉన్న మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు పైసా తీసుకోకుండా దగ్గరుండి నింపించి పెడతారు.